రెండుసార్లు బెల్లు

చెవుల మాస్టారి చెవులు భేషుగ్గా పనిచేస్తాయి. ఈ మాట ముందే చెప్పేయడం న్యాయం. ఆయన తప్పించుకోవాలనుకుంటే ఉన్నది ఆ ఒక్క సందే, దాన్ని మొదట్లోనే మూసేస్తే గొడవ వదిలిపోతుంది.

పట్నంలో ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేయడం ఆయన పని. బయటి చప్పుడు చొరబడని చిన్న గది, మధ్యలో గాజు కిటికీ, అటు రోగి, ఇటు మాస్టారు. రోగికి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చి, "ఎంత చిన్న చప్పుడైనా సరే, వినపడగానే నొక్కండి. అనుమానంగా ఉన్నా నొక్కండి" అంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పాట. చిన్నపిల్లలు వినపడకపోయినా నొక్కేస్తారు. కొందరు పెద్దవాళ్ళు వినపడినా నొక్కరు. ఈ రెండో రకాన్ని మాస్టారు కనురెప్పలు చూసి పట్టేస్తాడు. చప్పుడు పడగానే రెప్ప కదులుతుంది, వేలు మాత్రం కదలదు.

ఆయన తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, లిఫ్టు మెకానిక్. మాస్టారికన్నా పదేళ్ళు చిన్న, మాస్టారు అతన్ని తమ్ముడూ అనే పిలుస్తాడు. ఇద్దరిదీ ఒకే ఇల్లు. కింద మాస్టారి కాపురం, పైన తోడల్లుడి కాపురం. "ఊరందరినీ పైకి పంపించేవాణ్ణి నేను. నా ఇంటికి మాత్రం పంతొమ్మిది మెట్లెక్కి చావాలి" అని నవ్వేవాడు అతను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ ఈ రెండూ పదకొండేళ్ళు బాగానే ఇమిడాయి. పెద్ద కత్తికి పొగరెక్కువ, చిన్న కత్తికి ఓర్పెక్కువ. అలా సరిపోయింది.

ఇంటికీ పట్నానికీ మధ్య పద్నాలుగు కిలోమీటర్లు. మొదటి ఆరూ కంకర టిప్పర్ల రోడ్డు. పగలంతా టిప్పర్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పరిగెడతాయి. రోడ్డు పక్కన కాలు పెట్టడానికి జానెడు మట్టి లేదు, నేరుగా గొయ్యే. అక్కడ సైకిలు తొక్కడమంటే చావుకి చీటీ రాసిచ్చినట్టే. ఆ తర్వాత పట్నం మొదలవుతుంది. అక్కడ బాధ వేరు. కారు గంటసేపు పాకుతుంది, పాకి పాకి ఆసుపత్రి చేరితే నిలపడానికి చోటుండదు. ఏళ్ళ తరబడి మాస్టారు ఆ వీధుల్లో కూర్చుని ముందు బండివాణ్ణీ వెనక బండివాణ్ణీ సమానంగా తిట్టుకుంటూ ఉద్యోగం చేశాడు.

దీనికి విరుగుడు కనిపెట్టింది తోడల్లుడు. ఒక ఆదివారం పాత లిఫ్టు పట్టాలు రెండు భుజానేసుకొచ్చి, కోసి, అతికించి, మాస్టారి కారు వెనక రెండు సైకిళ్ళు పట్టే ఇనప స్టాండు తయారుచేశాడు.

"టిప్పర్ల రోడ్డు కారులో దాటేద్దాం అన్నయ్యా. అది దాటగానే మూతబడిన లారీల కాటా ఉంది కదా, దాని రేకుల షెడ్డు ముందు కారు పెట్టేద్దాం. అక్కణ్ణుంచి కాలవగట్టు మీద సైకిళ్ళు. ఇరవై ఐదు నిమిషాలు. గట్టు మీద మనల్ని గుద్దడానికి గేదె కూడా రాదు."

"ఈ వయసులో నాకు సైకిలేంటయ్యా, జనం నవ్వుతారు."

"నవ్వేవాళ్ళు ట్రాఫిక్‌లో ఉంటారు. మీరు గట్టు మీద ఉంటారు. మీకు వినపడదులెండి."

ముప్ఫై ఏళ్ళ తర్వాత సైకిలెక్కిన మాస్టారు మొదటి వారం రెండుసార్లు పడ్డాడు. తోడల్లుడు నవ్వలేదు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తాడు. రెండో నెలకల్లా మాస్టారి పొట్ట తగ్గింది, తిట్లు తగ్గాయి. "కారు చేత సైకిళ్ళని మోయిస్తున్నారు. రేపు సైకిళ్ళ చేత కారుని మోయిస్తారా ఏంటి మీ ఇద్దరూ?" అని మాస్టారి భార్య వెక్కిరించేది గానీ, మొగుడు సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికి రావడం ఆవిడకీ బాగానే ఉంది.

ఇద్దరికీ కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. సైకిలు మీద ఫోను తీయకూడదు. ఒకసారి ఫోనెత్తబోయి తోడల్లుడు కాలవలో పడబోయాక పెట్టుకున్న నియమం అది. సాయంత్రం ఎవరు ముందొస్తే వాళ్ళు కాటా దగ్గర ఆగాలి. వెనక వచ్చేవాడు రోడ్డు మలుపులో రెండుసార్లు బెల్లు కొట్టాలి. వచ్చేశాను, బండి తియ్యండి అని దానర్థం. ముందొచ్చినవాడు ఒకసారి హారన్ కొట్టాలి. విన్నాను, రా అని దానర్థం. రెండేళ్ళలో బెల్లుకి హారన్ పలకని సాయంత్రం ఒక్కటి లేదు.

ఆ తర్వాత ఒక పత్రికాయన తల్లిని వినికిడి పరీక్షకి తీసుకొచ్చాడు. మాస్టారి బల్ల కింద సైకిలు హెల్మెట్ చూసి ఇదేమిటని అడిగాడు. మాస్టారు చెప్పాడు. "అబ్బ, ఎంత మంచి ఆలోచన! ఎవరిదండీ?" అన్నాడతను.

ఇక్కడ మూడక్షరాల జవాబు చాలు. తమ్ముడు. మాస్టారి నోటికి ఆ మూడక్షరాలూ బరువైపోయాయి.

"నాకే తట్టిందండీ" అన్నాడు.

వారం తిరక్కుండా పేపర్లో ఫోటో పడింది. కారు, వెనక స్టాండు మీద ఒకే ఒక్క సైకిలు, పక్కన చేతులు కట్టుకుని మాస్టారు. తోడల్లుడి పేరూ లేదు, ఊసూ లేదు. ఆసుపత్రిలో అందరూ మాస్టారిని మునగచెట్టెక్కించారు. ఆయన దిగలేదు. ఇంట్లో మాత్రం భార్య పేపరు మడిచి పక్కన పెట్టి, "సొమ్మొకడిది, సోకొకడిది" అంది. తోడల్లుడు పేపరు పూర్తిగా చదివి, "స్టాండు బాగా పడింది ఫోటోలో" అన్నాడు. అంతే. అతనికి ఓర్పెక్కువని చెప్పుకున్నాం కదా.

ఓర్పుకీ ఒక అంచుంటుంది. పేపరు చూసి టీవీవాళ్ళు వస్తామన్నారు. వాళ్ళు రావలసిన ముందురోజు పొద్దున, కారులో, టిప్పర్ల రోడ్డు మీద, తోడల్లుడు అడిగాడు.

"రేపు నేనూ ఉండనా అన్నయ్యా?"

"నువ్వెందుకు? ఇద్దరు మాట్లాడితే గందరగోళం అయిపోతుంది."

"స్టాండు గురించైనా చెబుతాను. అది చేసింది నేనే కదా."

తప్పు చేసినవాడికే కోపం ముందొస్తుంది. "నాలుగు ఇనప ముక్కలు అతికించినందుకు ఎన్నాళ్ళు దెప్పుతావయ్యా? కారు నాది. ఇష్టం లేకపోతే నీ దారి నువ్వు చూసుకో" అన్నాడు మాస్టారు. తోడల్లుడు కాటా దగ్గర సైకిళ్ళు దింపి, మాస్టారి సైకిలుకి గాలి చూసి, తన దారిన తాను వెళ్ళిపోయాడు. అంత కోపంలోనూ గాలి చూశాడు. మాస్టారికి తర్వాత అన్నిటికన్నా ఎక్కువసార్లు గుర్తొచ్చింది ఆ సంగతే.

ఆ సాయంత్రం మాస్టారు ముందొచ్చాడు. షెడ్డు చూరులో పావురాలు. రేపు టీవీలో కనపడాల్సిన కారు నెత్తిమీద తెల్లటి రెట్టలు. ఆయన కారుని షెడ్డు ముందునుంచి తీసి వెనకవైపు గోడ వారకి పెట్టాడు. సైకిలు స్టాండెక్కించి, సీసాలో నీళ్ళు తీసి, గుడ్డ తడిపి తుడవడం మొదలుపెట్టాడు. మలుపులోంచి చూస్తే ఎప్పుడూ ఉండే చోట కారు లేదు. గోడ పక్కనుంచి దాని వెనక భాగం మాత్రం మూరెడు కనపడుతుంది.

గాలికి రేకులు టపటపమంటున్నాయి. ఆ టపటపల మధ్య బెల్లు మోగింది.

మాస్టారు విన్నాడు. ఇన్ని డెసిబెళ్ళు అని కాగితం మీద రాసివ్వగలిగినంత స్పష్టంగా విన్నాడు. హారన్ కొట్టడానికి చెయ్యి చాపితే చాలు, కారు తలుపు తెరిచే ఉంది. ఆయన బానెట్ తుడుస్తూనే ఉన్నాడు. పొద్దున మూతి ముడుచుకుని వెళ్ళాడుగా, ఇప్పుడు తనే వస్తాడు, కాళ్ళున్నాయిగా, నడిచి రానీ, అనుకున్నాడు.

సరిగ్గా ఈ మాటే అనుకున్నాడు. కాళ్ళున్నాయిగా అని.

కాసేపటికి మళ్ళీ బెల్లు. ఈసారి రెండు మోతల మధ్యా కొంచెం ఎడం ఉంది. అడుగుతున్నట్టు మోగింది. మాస్టారు తల తిప్పకుండా అద్దం తుడిచాడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. పది నిమిషాలు తుడిచి, ఇంకా ఎవరూ రాకపోయేసరికి గోడ చుట్టూ వెళ్ళి చూశాడు. మలుపు ఖాళీ. పట్నంలోకి వెనక్కి వెళ్ళి బస్సెక్కి ఉంటాడని తనకి తాను చెప్పుకుని కారు తీశాడు.

నాలుగో కిలోమీటరు దగ్గర జనం. టిప్పరు అడ్డంగా ఆగి ఉంది. సైకిలు గోతిలో, ముందు చక్రం ఇంకా గాలికి తిరుగుతూ ఉంది. తోడల్లుణ్ణి ఎత్తి కారు వెనక సీట్లో పడుకోబెట్టింది మాస్టారే. తుడిచి తుడిచి మెరిపించిన కారు నిండా నెత్తురు. హారన్ మీదనుంచి చెయ్యి తీయకుండా పట్నం మొదట్లోనే ఉన్న ఆసుపత్రిదాకా నడిపాడు. అప్పుడు కొట్టాడు హారన్, పదమూడు నిమిషాలపాటు ఆపకుండా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ప్రాణం నిలిచింది. ఎడమకాలు మోకాలి కిందనుంచి తీసేశారు.

"మీరు వెనకాలే రాబట్టి మా ఆయన బతికాడు బావగారూ" అని మరదలు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. డాక్టర్లు కూడా అదే అన్నారు, పది నిమిషాలు ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని. "అసలు ఆ రోడ్డు మీదకి సైకిలెందుకు తొక్కాడు? మీరు లేరా కాటా దగ్గర?" అని భార్య అడిగింది. "నేనొచ్చేసరికే వెళ్ళిపోయాడు" అన్నాడు మాస్టారు. టీవీవాళ్ళని రావద్దన్నాడు. మొదటిసారి చేయని పనికి మెచ్చుకుంటే మునగచెట్టెక్కాడు, రెండోసారి మెచ్చుకుంటే తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆలోచన తనదన్నాడు, అది కాదు. ప్రాణం తను నిలబెట్టాడన్నారు, అదీ కాదు. ఆ సాయంత్రం నిజంగా తను చేసిందేదో దానిగురించి ఎవరూ అడగడం లేదు.

నాలుగు నెలలు గడిచాయి. తోడల్లుడు పైన గదిలో మంచం మీద. చచ్చిన సైకిలునుంచి బెల్లు ఒక్కటి ఊడదీయించి మంచం కోడుకి బిగించుకున్నాడు, భార్యని పిలవడానికి. కింద అన్నం తింటుంటే పైన ఆ బెల్లు మోగేది. మాస్టారు కంచం పక్కకి జరిపేవాడు. ఆయన పైకి వెళ్ళినప్పుడల్లా తోడల్లుడు మామూలుగానే మాట్లాడేవాడు. లిఫ్టు కంపెనీవాళ్ళు ఆఫీసులో కూర్చుని ఫోనెత్తే పని ఇస్తామన్నారని, సోమవారంనుంచి రమ్మన్నారని చెప్పాడు. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి ధైర్యం చెప్పే పని అన్నయ్యా. నాకన్నా తగినవాడెవడున్నాడు?" కారులో దింపుతానని మాస్టారు అన్నాడు. ఆ సాయంత్రం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

శనివారంనాడు ఒక ముసలాయన పరీక్షకొచ్చాడు. బొత్తిగా వినపడటం లేదని కొడుకు తీసుకొచ్చాడు. మాస్టారు చప్పుడు పెడుతున్నాడు, ముసలాయన నొక్కడం లేదు. ప్రతిసారీ రెప్ప మాత్రం కదులుతోంది. మాస్టారు గాజు కిటికీ ఇవతలనుంచి లేచి లోపలికి వెళ్ళి హెడ్‌ఫోన్లు తీశాడు.

"వినపడుతోంది కదండీ?"

ముసలాయన తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎందుకు వినపడదు బాబూ! మొదట్లో కోపమొచ్చి పలక్కుండా ఊరుకున్నాను. వాళ్ళు చెవుడనుకున్నారు. ఇప్పుడు పలుకుదామంటే మొహం చెల్లడం లేదు."

మాస్టారు ఆ పూట మరో రోగిని చూడలేకపోయాడు.

సాయంత్రం పంతొమ్మిది మెట్లూ ఎక్కి పైకి వెళ్ళాడు. మరదలు బజారుకెళ్ళింది. తోడల్లుడు మంచం మీద కూర్చుని సోమవారం వేసుకోవాల్సిన చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఆ రోజు నువ్వొచ్చేసరికి నేను కాటా దగ్గరే ఉన్నాను. కారు షెడ్డు వెనక పెట్టాను. పావురాలు పాడుచేస్తున్నాయని."

తోడల్లుడు దారం కొరికాడు. "తెలుసు. కారు వెనక భాగం కనపడింది నాకు. స్టాండు నాది కదా, గుర్తుపట్టనా?"

మాస్టారు కుర్చీ అంచుకి జరిగాడు. "మరి రాలేదేం?"

"వద్దామనే ఆగాను. బెల్లు కొట్టాను. హారన్ వస్తే వచ్చేద్దాం, పొద్దుటి మాటలు అక్కడే వదిలేద్దాం అనుకున్నాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. రాలేదు. నాకూ ఒళ్ళు మండింది. నీ దారి నువ్వు చూసుకో అన్నారు కదా, చూసుకున్నాను." చొక్కా పక్కన పెట్టాడు. "తప్పు నాదీ ఉంది. గాలికి ఆ రేకులు ఒకటే టపటపలు. మీకెలా వినపడుతుంది? నాలుగడుగులు వేసి చూడాల్సింది."

ఇదిగో, సందు మళ్ళీ తెరుచుకుంది. తెరిచింది కూడా తోడల్లుడే, తన చేత్తోనే. అవును, రేకుల చప్పుడు అంటే చాలు. మాస్టారు తన చేతులు చూసుకున్నాడు.

"వినపడింది తమ్ముడూ" అన్నాడు.

తోడల్లుడు తలెత్తాడు.

"మొదటిసారా?"

"రెండుసార్లూ."

తోడల్లుడు సూదిని జాగ్రత్తగా దారపుండకి గుచ్చాడు. "మా పనిలో లిఫ్టులోంచి బెల్లు మోగితే ఎవరు కొట్టారని అడగం అన్నయ్యా. వాడు మనకి పగవాడైనా సరే, వెళ్తాం" అన్నాడు. కోపం లేదు గొంతులో. కోపముంటే మాస్టారికి కొంచెం తేలికగా ఉండేది. "నాలుగు నెలలుగా ఒకటే మాట అనుకుని నిద్రపోతున్నాను. ఆయనకి వినపడి ఉండదు, వినపడితే రాకుండా ఉండడు అని. ఇప్పుడు మీరు చెప్పేశారు. మీ బరువు దిగింది. నేనేమనుకుని పడుకోవాలి?"

మాస్టారు నిజం చెబితే తనకి తేలికవుతుందనే ఆలోచించాడు గానీ, ఆ నిజం వెళ్ళి ఎవరి నెత్తిన కూర్చుంటుందో ఆలోచించలేదు. ఇందులోనూ తన సంగతే చూసుకున్నాడు. లేచి, మెట్లు దిగి, తలుపు వేసుకుని, భార్య ఎంత అడిగినా చెప్పకుండా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత ఆవిడకీ చెప్పాడు. ఆవిడ కంచంలో అన్నం పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

ఆదివారం పైనుంచి బెల్లు మోగలేదు.

సోమవారం ఏడున్నరకి మాస్టారు కారు తీసి గేటు ముందు పెట్టాడు. వెనక స్టాండు మీద సైకిళ్ళు లేవు. తోడల్లుడు వస్తాడో, ఆటో పిలిపించుకుంటాడో తెలియదు. హారన్ కొట్టడానికి చెయ్యి రాలేదు. ఏ మొహంతో కొడతాడు?

పైనుంచి బెల్లు మోగింది. రెండుసార్లు.

యాభై మూడేళ్ళ మనిషి పంతొమ్మిది మెట్లూ ఎగశ్వాసతో పరిగెత్తాడు. ఒక చెప్పు మధ్యలో జారిపోయినా ఆగలేదు. తలుపు తోసుకుని వెళ్ళేసరికి తోడల్లుడు గుండీ కుట్టుకున్న చొక్కా వేసుకుని మంచం అంచున కూర్చుని ఉన్నాడు. చేతిలో ఖాళీ గ్లాసు. ఆశ్చర్యంగా చూశాడు.

"మిమ్మల్ని కాదన్నయ్యా. మీ మరదల్ని పిలిచాను, మంచినీళ్ళకి."

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. మాస్టారు రొప్పుతూనే గ్లాసు అందుకుని, వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పట్టి తెచ్చి ఇచ్చాడు. తోడల్లుడు సగం తాగి ఆగాడు. మాస్టారి ఒంటి చెప్పు వైపు చూశాడు.

"ఇప్పుడు బాగానే వినపడుతోందే మీకు" అన్నాడు.

అందులో ఎగతాళి ఎంతో, నిష్ఠూరం ఎంతో కొలవడానికి ఏ మెషినూ లేదు. మాస్టారు తల వంచుకుని ఆ మాట తీసుకున్నాడు. చెయ్యి పట్టుకోబోతే తోడల్లుడు వద్దని, గోడకి ఆనించిన చంకకర్రలు తనే అందుకున్నాడు.

మెట్ల మీద మాస్టారు ఒక మెట్టు ముందుగా, అతని వైపు తిరిగి, రెండు చేతులూ చాపి, పట్టుకోకుండా, వెనక్కి వెనక్కి దిగాడు. పంతొమ్మిది మెట్లూ అలాగే దిగారు.